పోటీ పిస్తోలు: కర్మాగారములోనిదా, చేయించుకొన్నదా?

2024వ సంవత్సరపు పారిస్ ఒలింపిక్ క్రీడల అనంతరము మన విద్యార్థుల చేతిఫోనులలో ఒక ఛాయాచిత్రము విశేషముగా సంచరించినది. టర్కీ దేశీయుడైన యూసుఫ్ దికేచ్ అను 51 సంవత్సరముల గురికాడు ఎడమచేతిని జేబులో ఉంచుకొని, మామూలు కండ్లద్దములు ధరించి, కుడిచేత పిస్తోలు చాచి నిలిచియున్న చిత్రమది. తక్కిన పోటీదారులు కంటికి ప్రత్యేకమైన కటకములును, ప్రక్కకు తెరలును అమర్చుకొనియుండగా ఆయన పొరుగింటి పెద్దమనిషి వలె వచ్చి, షెవ్వాల్ ఇలాయ్‌దా తర్హాన్ అను యువతితో కలిసి 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు మిశ్రమ జట్టు పోటీలో రజత పతకము గైకొని వెళ్లినాడు. ఆ పోటీలోనే కాంస్య పతకము మన మనూ భాకర్, సరబ్‌జోత్ సింగ్‌ల జంటకు లభించినది.

ఈ చిత్రమును చూచి మన రైఫిల్ క్లబ్బు విద్యార్థులు రెండు పక్షములుగా చీలిపోయినారు. "చూచినారా సార్, పరికరములతో పని లేదు, గురి ఉన్న చాలును" అని ఒక పక్షము. "ఆయన మాట వేరు సార్. పెద్ద పోటీలకు పోవువారందరు తమ కొలతకు ప్రత్యేకముగా పిస్తోలు చేయించుకొందురట. మనము కర్మాగారపు పిస్తోలుతో ఎన్నాళ్లు కాల్చినను ఇంతే" అని రెండవ పక్షము. ఆశ్చర్యమేమనగా ఆ చిత్రములో అందరును ఆయన జేబునే చూచినారు గాని చాచిన చేతిని చూచినవారు అరుదు. ఆ చేతిలోనిది సామాన్యమైన పిస్తోలు కాదు. గురిపోటీల కొరకే నిర్మింపబడి, అరచేతి వంపులను అనుసరించి చెక్కిన పిడి గల పిస్తోలది. 2008 బీజింగ్ నుండి లెక్కించినచో ఆయనకు పారిస్ ఐదవ ఒలింపిక్ అని కూడ గుర్తుంచుకొనవలెను.

ఇది కేవలము కాలక్షేపమునకు వాదించుకొను విషయము కాదు. పోటీలకు పనికివచ్చు ఎయిర్ పిస్తోలు వెల లక్ష రూపాయలకు పైమాట. మన విద్యార్థుల ఇండ్లలో అది పలునెలల సంపాదన కావచ్చును. చెల్లెలి పెండ్లికై దాచిన సొమ్ము కావచ్చును. క్రీడానిధి విషయమున కళాశాల కమిటీవారు కూడ ఇదే ప్రశ్నను తేల్చుకొనవలసియున్నది. అందరిలో మిన్నయైన ఒక్క విద్యార్థికి ప్రత్యేకమైన పిస్తోలు చేయించుటయా, లేక అదే సొమ్ముతో కర్మాగారపు పిస్తోళ్లు కొని పదిమంది చేత కాల్పించుటయా? కనుక విషయమును మొదటి నుండి విచారింతము.

ఒకే నమూనాలో వందల సంఖ్యలో తయారై, పెట్టెలో వచ్చునది కర్మాగారపు పిస్తోలు. ఒక మనిషి కొలతకు, అభిరుచికి తగినట్లు మిస్త్రీ చేతిలో మారిన పిస్తోలు చేయించుకొన్నది. మాటలలో ఈ భేదము స్పష్టముగానే ఉన్నది. కాని "చేయించుకొన్నది" అను మాటలో రెండు వేర్వేరు పనులు కలిసిపోయినవి. గుండును పంపెడి యంత్రభాగమును మార్చుట ఒకటి. మనిషి పట్టుకొనెడి పిడిని మార్చుట మరియొకటి. ఈ రెంటిని వేరుచేయకపోవుట వలననే వాదమంతయు వచ్చినది.

యంత్రభాగమును మార్చు ఆచారము ప్రధానముగా అమెరికాలో పెరిగినది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన .45 పిస్తోలును ఆ దేశపు సైన్యము 1911లో స్వీకరించినది. అది యుద్ధమునకు చేసిన వస్తువు. బురదలో పడినను, ఇసుక చేరినను పేలవలెను. ఒక పిస్తోలు భాగము మరియొక పిస్తోలుకు అమరవలెను. అందుచేత భాగముల నడుమ కొంత వదులు కావలెననియే ఉంచినారు. ఆ పిస్తోలునే ఒహాయో రాష్ట్రములోని క్యాంప్ పెర్రీ వద్ద జరుగు జాతీయ పోటీలకు తీసికొనిపోయి, ఒంటిచేత 50 గజముల దూరమున గురి చూచి కాల్చవలసి వచ్చినప్పుడు ఆ వదులే శాపమైనది. ప్రతి కాల్పునకును గొట్టము వెనుకటి స్థానమునకే సరిగా వచ్చి నిలువదు. వెంట్రుకవాసి తేడా 50 గజముల వద్ద వలయములను దాటించును.

అప్పుడు మిస్త్రీలు రంగములోనికి వచ్చినారు. స్లయిడు, ఫ్రేము కలిసి జారెడి పట్టాలను సుత్తితో మెత్తగా కొట్టి బిగించి, మరల ఆకురాయితో సరిపుచ్చి, గొట్టము ముందు కొసన ఉండు బుషింగును చేతితో అమర్చి, ట్రిగ్గరు కొక్కెములను నునుపుచేసి ఒక్కొక్క పిస్తోలుపై దినముల తరబడి పనిచేసినారు. 1956లో ఫోర్ట్ బెన్నింగ్ వద్ద నెలకొల్పిన అమెరికా సైనిక గురికాండ్ర దళమునకు ఇట్టి పనివారు ప్రత్యేకముగా ఉండిరి. మరుసటి సంవత్సరమే, అనగా 1957లో, కోల్ట్ సంస్థ పోటీల కొరకు కొంత బిగువుగా తయారుచేసిన గోల్డ్ కప్ నమూనాను అంగడికి తెచ్చినది. మిస్త్రీ చేసినదానిని చూచి కర్మాగారము నేర్చుకొన్నదన్నమాట.

ఈ చరిత్రను చెప్పుటకు కారణము కలదు. కర్మాగారపు పిస్తోలు పోటీకి పనికిరాదను మాట అచ్చట పుట్టినది. అచ్చట అది నిజము కూడ. యుద్ధమునకు చేసిన వస్తువును పోటీకి వాడుచుండిరి గనుక మిస్త్రీ లేనిదే గడవదు. కాని మన విద్యార్థులు ఆడు ఆట అది కాదు. మనవారు పాల్గొనునవి అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య నియమములను అనుసరించు పోటీలు. ఆ పోటీల పిస్తోలు పుట్టుకతోనే పోటీ పిస్తోలు. జర్మనీలో వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, ఆస్ట్రియాలో స్టెయర్, స్విట్జర్లాండులో మొరిని, ఇటలీలో పార్దిని సంస్థలు చేయు పిస్తోళ్లకు యుద్ధముతో సంబంధము లేదు. వాటి ట్రిగ్గరు బరువు, అది ఆగు స్థానము, వ్రేలికి అందు దూరము, చివరకు దాని వంపు కూడ చిన్న మరలతో మార్చుకొనవచ్చును. పూర్వము మిస్త్రీ దినములు వెచ్చించి చేసిన పనిలో అధిక భాగము ఇప్పుడు పెట్టెతో పాటు వచ్చు తాళపుచెవితోనే జరుగుచున్నది.

అటువంటి పిస్తోలును బల్లకు బిగించి 10 మీటర్ల దూరమున కాల్చినచో గుండ్లన్నియు ఇంచుమించు ఒకే రంధ్రమున పడును. ఎయిర్ పిస్తోలు టార్గెట్టులో పదవ వలయము వ్యాసము 11.5 మి.మీ.; గుండు వ్యాసము 4.5 మి.మీ. వలయపు గీతను తాకినను పదియే లెక్క. అనగా గుండు మధ్యబిందువు టార్గెట్టు మధ్యబిందువు నుండి 8 మి.మీ. వరకు తొలగినను పది పాయింట్లు వచ్చును. యంత్రము వలన కలుగు తేడా ఈ మేరకు చాల లోపలనే ఉన్నది. ఇంకను మెరుగుపరచి ఆ రంధ్రమును మరికొంత చిన్నది చేసినంత మాత్రమున పోటీలో ఒక్క పాయింటైనను పెరుగదు.

మరి పాయింట్లు ఎచ్చట పోవుచున్నవి? లెక్క వేసి చూతము. ముందు సైటునకును వెనుక సైటునకును నడుమ దూరము సుమారు 320 మి.మీ. అనుకొందము. చేయి మొత్తము, పిస్తోలు వంగకుండ, 1 మి.మీ. ప్రక్కకు జరిగినచో గుండు టార్గెట్టుపై 1 మి.మీ. మాత్రమే జరుగును. అది పదియే. కాని మణికట్టు తిరిగి, ముందు సైటు వెనుక సైటు గాడిలో 1 మి.మీ. తప్పినచో ఆ తప్పు 10 మీటర్ల వద్ద 31 రెట్లగును. గుండు 31 మి.మీ. దూరమున, ఏడవ వలయములో పడును. చేయి వణకుట సహజము. ఎంతటి గురికానికైనను వణకును. కాని మణికట్టు తిరుగుటయే ప్రాణాంతకము. ఆ తిరుగుడు చాలవరకు పిడి నుండియు, ట్రిగ్గరు లాగెడి వ్రేలి నుండియు పుట్టును. పిడి చేతికి కుదరనప్పుడు వ్రేలు ట్రిగ్గరును వెనుకకు లాగక ప్రక్కకు నెట్టును.

పరికరముల అభివృద్ధి ఎంత మేలు చేయగలదో చూపుటకు మరియొక లెక్క కలదు. 50 మీటర్ల పిస్తోలు పోటీలో 1980 మాస్కో ఒలింపిక్‌నందు సోవియట్ గురికాడు అలెగ్జాండర్ మెలెంత్యెవ్ 600కు 581 పాయింట్లు సాధించినాడు. ఆ రికార్డు 34 సంవత్సరములు నిలిచినది. 2014లో స్పెయిన్‌లోని గ్రనాడా వద్ద ప్రపంచ పోటీలలో దక్షిణ కొరియాకు చెందిన జిన్ జోంగ్-ఓ 583 సాధించి దానిని దాటినాడు. (ఆనాడు రెండవ స్థానము మన జీతూ రాయ్‌ది.) ఆ పోటీలో ట్రిగ్గరు బరువునకు హద్దు లేదు, పిడి చేతిని చుట్టుకొనియుండవచ్చును, ఇష్టము వచ్చినట్లు చేయించుకొనుటకు అంతకంటె స్వేచ్ఛ గల పిస్తోలు పోటీ లేదు. అట్టి స్వేచ్ఛతో, 34 సంవత్సరముల యంత్రశాస్త్రాభివృద్ధితో పెరిగినవి రెండు పాయింట్లు. 2016 రియో తరువాత ఆ పోటీ ఒలింపిక్ పట్టిక నుండి తొలగిపోయినది.

కనుక గుండును తాకు భాగమును కర్మాగారమునకు వదలి, చేతిని తాకు భాగమును గూర్చి ఆలోచించుట మేలు. ఈ సందర్భమున మన రెండు భాషలు ఒకే మాట చెప్పుట నాకు ముచ్చటగా తోచినది. ఉర్దూలో పిడిని దస్తా అందురు. దస్త్ అనగా చేయి. మనము సంతకమును దస్కతు అనుటలోను ఆ చేయియే కలదు. తెలుగులో పిడి, పిడికిలి ఒకే కుదురు మాటలు. రెండు భాషలవారును ఆ వస్తువునకు దానిని పట్టుకొను అవయవము నుండియే పేరు పెట్టినారు. మొరిని సంస్థను స్థాపించిన చేజరె మొరిని కూడ మొదట పేరు పొందినది పిడులు చెక్కుటలోనే. పిస్తోలు తరువాత వచ్చినది.

మా క్లబ్బులో జరిగిన సంగతి ఒకటి చెప్పెదను. డిగ్రీ రెండవ సంవత్సరపు విద్యార్థిని ఒకతె, మంచి ఏకాగ్రత గలది, మధ్యరకపు పిడి గల పిస్తోలుతో కాల్చుచుండెను. గుండ్లు ఒకచోటనే గుమిగూడి పడుచున్నవి గాని ఎప్పుడును ఎడమప్రక్కకే. సైటు త్రిప్పి సరిచేసితిమి. నాలుగు దినములకు మరల అంతే. "పిస్తోలు చెడిపోయినది సార్" అని ఆమె నిశ్చయించుకొన్నది. ఎవరో ఆమెకు పెద్ద వెలకు పిస్తోలు చేయించుకొనుమని సలహా కూడ ఇచ్చినారు. తండ్రి దర్జీ పనివాడు. కూతురి మాట కాదనలేక, అంత సొమ్ము తేలేక, ఒకనాడు స్వయముగా రేంజికి వచ్చినాడు. పిస్తోలు పట్టిన కూతురి చేతిని చాలసేపు చూచినాడు. పిదప, "సార్, నాకు ఈ విద్య తెలియదు. కాని ఈ చొక్కా అమ్మాయిది కాదు. భుజము జారుచున్నది. బట్ట మిల్లుదైతే ఏమి సార్, కుట్టు మనము సరిచేసుకొనరాదా?" అన్నాడు.

చూచినచో నిజమే. ఆమె అరచేయి చిన్నది. పిడి చుట్టూ చేయి తిరిగిన పిదప చూపుడువ్రేలు కొస మాత్రమే ట్రిగ్గరునకు అందుచున్నది. కొసతో లాగుట వలన కుడిచేతివారికి పిస్తోలు ఎడమకు నెట్టబడును. లోపము పిస్తోలుదియు కాదు, ఆమెదియు కాదు.

అప్పుడు నేను చేసిన పొరపాటును కూడ దాచను. ఉత్సాహముతో ఆకురాయి తీసికొని ఆ సాయంత్రమే పిడి వెనుకభాగమును తరిగితిని. తరుగుట సుఖముగానే ఉండెను. మరునాటికి పిడి ఆమె చేతిలో గిలక వలె కదలుచున్నది. కొయ్యను తరిగినంత సులభముగా అతికించలేము గదా. ఆ పిడి పోయినది. చిన్న కొలత పిడిని తెప్పించుటకు రెండు మాసములు పట్టినది. కనుక ఈ పని చేయువారు మొదట వేరొక పిడిని దగ్గర ఉంచుకొని, అసలు పిడిని అట్లే భద్రపరచి, పనిని లప్పముతో ప్రారంభింపవలెను గాని ఆకురాయితో కాదు.

విధానమిది. గుండు లేని పిస్తోలును పట్టుకొని, టార్గెట్టు వైపు తిరిగి, కన్నులు మూసికొని చేయి ఎత్తవలెను. చేయి తనంతట తాను నిలిచిన పిదప కన్నులు తెరచి సైట్లను చూడవలెను. ముందు సైటు గాడి మధ్యనున్నచో పిడి కుదిరినట్లే. పైకో క్రిందికో ఉన్నచో పిడి వంపు కోణమును మార్చవలెను. నేటి పిస్తోళ్లలో దానికి మర ఉండును. ప్రక్కకు ఉన్నచో అరచేతి క్రింద ఎచ్చటనో ఖాళీయో, ఎత్తో కలదు. అరచేతికి కొంచెము సుద్దపొడి రాచి పిడిని పట్టి విడిచిన యెడల సుద్ద అంటిన చోట్లును అంటని చోట్లును తెలియును. అంటని చోట కొయ్యకు వాడు లప్పమును పలుచగా పూసి, ఆరిన పిదప వారము దినములు కాల్చి చూడవలెను. ఒత్తుకొను చోట ఉప్పుకాగితముతో కొద్దికొద్దిగా రుద్దవలెను. చూపుడువ్రేలు ట్రిగ్గరును తప్ప పిడిని ఎచ్చటను తాకరాదు. అడుగున అరచేయి ఆనెడి పలకను చేతికి ఆనునంతవరకే బిగింపవలెను. నొక్కుకొనునట్లు బిగించినచో వణకు పెరుగును. అన్నిటికంటె ముఖ్యము: ఒకనాడు ఒక మార్పే. రెండు మార్పులు ఒకేసారి చేసినవానికి ఏది మేలు చేసినదో, ఏది కీడు చేసినదో ఎన్నటికిని తెలియదు.

ఇంతవరకు చెప్పినది పిడికి మాత్రమే. యంత్రభాగమును, గాలి సిలిండరును విద్యార్థులు విప్పరాదు. సిలిండరులో గాలి 200 బార్ల ఒత్తిడిలో ఉండును. దానికి వాడుక గడువు కూడ కలదు. తయారైన నాటి నుండి పది సంవత్సరములని దానిపై గుర్తు చూచుకొనవచ్చును. వాడిన పిస్తోలును చవుకగా కొనువారు మొదట చూడవలసినది ఆ గుర్తునే.

పిడిని మార్చుటకు కూడ హద్దులు కలవు. 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు బరువు 1500 గ్రాములకు మించరాదు. 420, 200, 50 మి.మీ. కొలతలు గల పెట్టెలో మొత్తము పట్టవలెను. పిడిలోని ఏ భాగమును మణికట్టును తాకి దానికి ఊతము కారాదు. ట్రిగ్గరు 500 గ్రాముల తూనికను ఎత్తగలుగవలెను. 25 మీటర్ల .22 పిస్తోలుకు ఆ తూనిక 1000 గ్రాములు. చేయించుకొన్న పిస్తోళ్లు పరీక్షలో తప్పుట సాధారణముగా ఈ రెండు చోట్లనే: లప్పము ఎక్కువై పెట్టెలో పట్టకపోవుట, లేక మిస్త్రీ ట్రిగ్గరును మరీ తేలికచేయుట. ఇంటివద్ద సరిగా 500 గ్రాములకు పెట్టుకొన్న ట్రిగ్గరు పోటీనాడు 495 చూపినచో ఎవరితో మొరపెట్టుకొందుము? పది ఇరువది గ్రాములు అధికముగా ఉంచుకొన్నవాడు నిశ్చింతగా ఉండును.

ఒక ముఖ్యమైన విషయము తల్లిదండ్రులకు. పదునేడు, పదునెనిమిది సంవత్సరముల పిల్లల చేయి ఇంకను పెరుగుచుండవచ్చును. అంతకంటె ముఖ్యముగా, నేర్చుకొనువాని పట్టు ఇంకను కుదురుకొనలేదు. ఆరు మాసములలో నిలుచు తీరు మారును, భుజము కోణము మారును, వ్రేలు పడు చోటు మారును. అట్టివాని చేతి అచ్చు తీసి శాశ్వతమైన పిడి చేయించుట వాని నేటి తప్పును కొయ్యలో చెక్కించుటయే. అటువంటి పిస్తోలును తిరిగి అమ్ముదమన్నను కొనువాడు దొరకడు. ఒకరి కొలతకు కుట్టిన షేర్వానీని మరియొకరు కొనరు గదా.

ఇక పోటీలో మరమ్మతు సంగతి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్‌నందు మనూ భాకర్ పిస్తోలు అర్హత పోటీ మధ్యలో చెడినది. దానిని బాగుచేసికొని వచ్చుటలో విలువైన సమయము పోయినది. 575 పాయింట్లతో ఆమె 12వ స్థానమున నిలిచి, రెండు పాయింట్ల తేడాతో తుదిపోటీని కోల్పోయినది. పేరుపొందిన పిస్తోళ్లకును ఈ ప్రమాదము తప్పదు. అయితే ఎక్కువమంది వాడు నమూనాకు విడిభాగము దొరకును, బాగుచేయువాడు దొరకును, ఒక్కొక్కప్పుడు తోటి పోటీదారు వద్దనే దొరకును. ఒక్క మిస్త్రీ ఒక్కరికే చేసిన భాగము చెడినచో ఆ మిస్త్రీ ఉన్న ఊరికే పోవలెను. మూడు సంవత్సరముల తరువాత పారిస్‌లో ఆమె రెండు కాంస్య పతకములు గెలిచినదను సంగతి అందరికిని తెలిసినదే.

ఇట్లనుటచే చేయించుకొనుట అనవసరమని నా అభిప్రాయము కాదు. కొందరికి అదియే మార్గము. హంగరీ సైనికుడు కారొయ్ తకాచ్ 1938లో గ్రెనేడు ప్రేలి కుడిచేతిని కోల్పోయినాడు. ఎడమచేత కాల్చుట నేర్చుకొని 1948 లండన్‌లోను, 1952 హెల్సింకిలోను వేగపు పిస్తోలు పోటీలో స్వర్ణ పతకములు గెలిచినాడు. ఆయన కథను సాధారణముగా పట్టుదలకు ఉదాహరణముగా చెప్పుదురు. నాకు దానిలో తోచునది మరియొకటి. కుడిచేతి పిడిని ఎడమచేత పట్టుకొనుట అసాధ్యము, వంపులన్నియు తారుమారగును. పారిస్ పారా ఒలింపిక్‌లో మనీష్ నర్వాల్ రజతమును, రుబీనా ఫ్రాన్సిస్ కాంస్యమును గెలిచినారు. దేహము కొలతలు కర్మాగారపు ఊహకు అందనివారికి పిడి చేయించుకొనుట విలాసము కాదు, అవసరము. వ్రేలు లేనివారు, ఎముక విరిగి అతికినవారు, మరీ చిన్న చేయి గలవారు మొదటి దినము నుండియే చేయించుకొనవచ్చును. అట్లే, సంవత్సరము పైగా స్కోరు నిలకడగా ఉండి, తన పట్టు ఏదో తనకు రూఢిగా తెలిసినవారికి కూడ చేయించిన పిడి మేలుచేయును. పిడి అనుచున్నాను, పిస్తోలు అనుట లేదు.

అమెరికాలో 1976లో అంతర్జాతీయ సంఘముగా ఏర్పడిన ప్రాక్టికల్ షూటింగ్ అను పరుగుల పోటీలలో లెక్క వేరు. అచ్చట కర్మాగారపు పిస్తోలుకు ఒక విభాగము, ఇష్టానుసారము మార్చుకొన్న పిస్తోలుకు ఒక విభాగము నియమములలోనే ఏర్పరచినారు. మన విద్యార్థులకు ప్రస్తుతము దానితో పని లేదు.

మన హైదరాబాదు నుండి వచ్చిన ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో, 2023లో, 25 మీటర్ల పిస్తోలు జట్టు పోటీలో స్వర్ణము గెలిచిన నాటి నుండి మా క్లబ్బులో చేరగోరు బాలికల సంఖ్య పెరిగినది. వచ్చిన ప్రతి అమ్మాయికిని ఇచ్చుటకు మావద్ద ఉన్నది మధ్యరకపు కుడిచేతి పిడి. ఎడమచేతివారిని, చెప్పుటకు సిగ్గుపడుచున్నాను, కుడిచేత కాల్చుమని చెప్పి పంపుచున్నాము.

అందుచేత కమిటీవారికి నా మనవి ఇది. ప్రత్యేకమైన పిస్తోలు చేయించు ఆలోచన మాని, ఒకే నమూనాకు చెందిన కర్మాగారపు ఎయిర్ పిస్తోళ్లు రెండు కొనవలెను. ఒకే నమూనా ఎందుకనగా ఒకదాని భాగము మరియొకదానికి అక్కరకు వచ్చును. వాటితో చిన్నది, మధ్యది కుడిచేతి పిడులును, ఎడమచేతి పిడి ఒకటియు తెప్పింపవలెను. 500 గ్రాముల పరీక్ష తూనిక ఒకటి ఉండవలెను. మిగిలిన సొమ్ము గుండ్లకు. ఒక డబ్బాలో 500 గుండ్లు ఉండును. పోటీలో కాల్చునవి 60, వాటికి ముందు సరిచూచుకొనునవి మరి కొన్ని. శ్రద్ధగా అభ్యసించు ఒక్క విద్యార్థికి ఒక డబ్బా వారము దినములు వచ్చుట కష్టము. లక్షల పిస్తోలు కొని గుండ్లకు సొమ్ము లేక బీరువాలో పెట్టిన సంస్థలను నేను చూచియున్నాను. 4.5 మి.మీ. కొలతకును, 20 జౌళ్ల శక్తికిని మించని ఎయిర్ పిస్తోలుకు 2016 ఆయుధ నియమముల ప్రకారము లైసెన్సు అవసరము లేదు; .22 పిస్తోలుకు మాత్రము తప్పక కావలెను. లైసెన్సు లేకున్నను తాళము, రిజిస్టరు ఉండవలసినదే.

ఆ దర్జీగారి అమ్మాయి చిన్న పిడితో కాల్చుచున్నది. గుండ్లు ఇప్పుడు మధ్యకు వచ్చినవి. పిడిపై ఇప్పటికి మూడుమారులు లప్పము పడినది. మూడవమారు పని తండ్రియే చేసినాడు, నాకంటె నేర్పుగా. వేసవిలో చెమటకు అరచేయి కొంత ఉబ్బుచున్నదని ఆమె నిన్న చెప్పినది. బొటనవ్రేలి క్రింద కొంచెము రుద్దవలసియుండును. ఒక వారము కాల్చి చూచిన పిదప రుద్దుదమన్నాను.